లాప్‌టాప్ కోసం గాజులు తాకట్టు పెట్టమంటారా?

నరసన్నపేట నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను: "సార్, మా ఆయన ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు, జీతం 24,000. నేను ఇంట్లోనే కుట్టుపని చేసి నెలకు ఆరేడు వేలు తెస్తాను. పాప బీకాం కంప్యూటర్స్ మొదటి ఏడాది, బాబు ఎనిమిదో తరగతి. 2016లో కొన్న లాప్‌టాప్ ఉంది, ఐ3, 4 జీబీ ర్యామ్. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా తెరుచుకోదు. శ్రీకాకుళంలో షాపుకు తీసుకెళ్తే విండోస్ 10 ఆగిపోయింది, ఇది విండోస్ 11కి పనికిరాదు, పారేయండి అన్నారు. కొత్తది 48,000, ఆఫీసుకీ యాంటీవైరస్‌కీ ఇంకో 9,000 అట. ఈఎంఐ అయితే నెలకు 2,330 చొప్పున 24 నెలలు. ఈఎంఐ పెట్టుకోమంటారా, గాజులు బ్యాంకులో పెట్టమంటారా, చీటీ పాడేయమంటారా?"

అమ్మా, మీరు మూడు దారులు అడిగారు, మూడూ వద్దనే అంటాను. ముందు మీ ఈఎంఐ లెక్క చూడండి. 2,330ని 24తో గుణిస్తే 55,920, అంటే 48 వేల వస్తువుకి దాదాపు 8 వేలు వడ్డీ. ఆ 9,000 కూడా కలిపితే 65 వేలకు చేరింది, మీ ఆయన రెండున్నర నెలల జీతం పైమాటే. అదే షాపువాళ్ళు రేపు ఫోన్ చేసి "నో కాస్ట్ ఈఎంఐ ఉంది మేడమ్" అన్నా నమ్మేయకండి, సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఎక్కడో కూర్చుని ఉంటుంది. గాజుల సంగతి ఇంకా తేలిక. బంగారం ఆసుపత్రికో పిల్లల ఫీజుకో అక్కరకు రావాలి గానీ, ఏడాది తిరిగేసరికి సగం ధరకు కూడా ఎవరూ కొనని వస్తువు కోసం బ్యాంకు లాకర్లో పడి ఉండకూడదు. చీటీ తొలి నెలల్లో పాడితే ఎంత వదులుకోవాలో మీకు నేను చెప్పాలా?

ఇక అసలు విషయం. మీ లాప్‌టాప్ చచ్చిపోలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజం, ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరంకన్నా పాతదైతే విండోస్ 11కి అధికారికంగా పనికిరాదన్నదీ నిజమే. కానీ ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు, మెషీన్ కాదు. టీ కాచుకొచ్చినా తెరుచుకోకపోవడానికి కారణం చాలామటుకు లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్. దాన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలేవీ లేని వేగమైన డిస్క్, వేయించండి, ర్యామ్ 8 జీబీ చేయించండి. రెండేళ్ళ కిందట మా ఇంట్లో 2014 నాటి లాప్‌టాప్‌కి ఇదే చేయిస్తే కూలితో కలిపి 4,200 అయింది. ఈమధ్య మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి కాబట్టి మీకు అంతకన్నా ఎక్కువే కావచ్చు, రెండు మూడు షాపుల్లో అడగండి. పార్టుకింత, కూలికింత అని విడిగా చెప్పించుకోండి, పాత డిస్క్ మాత్రం వాళ్ళకి వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, మీ ఆధార్ కాపీలూ ఫోటోలూ అన్నీ అందులోనే ఉంటాయి.

అందులో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. లినక్స్ అనగానే కంగారు పడకండి, మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడుస్తున్నది కూడా 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే. మింట్‌కి 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు, 4 ఉంటే సుఖం. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకుంటున్నారు. పైగా వేసుకునే ముందే రుచి చూడొచ్చు: పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే లాప్‌టాప్ ఆన్ చేస్తే, లోపల ఉన్నదేదీ చెరపకుండా మింట్ తెరుచుకుంటుంది. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అని ఒక సాయంత్రం చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

యాంటీవైరస్ ఖర్చు దీంతో పోతుంది. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ మింట్‌తో పాటే వస్తుంది, ఎక్సెల్ ఫైళ్ళు తెరుస్తుంది, తిరిగి ఆ పద్ధతిలోనే సేవ్ చేస్తుంది, పెద్ద మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసిపెట్టిన ఆదేశాలు) ఉన్న ఫైళ్ళ దగ్గర మాత్రం తడబడుతుంది. పాప ప్రాజెక్టుకి ఇది చాలు. కరెంటు బిల్లు, డిజీలాకర్, ఇన్‌కంటాక్స్ రిటర్ను, ఇవన్నీ బ్రౌజర్లో జరిగే పనులే కాబట్టి ఫైర్‌ఫాక్స్ ఉంటే సరిపోతుంది.

కానీ అంతా పూలబాటే అని చెప్పి మిమ్మల్ని ఇరికించను, మీ ఇంట్లో రెండు చోట్ల చిక్కుంది.

ఒకటి పాప. బీకాం కంప్యూటర్స్ అంటే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తప్పదు, ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. అందుకని విండోస్ 10ని పూర్తిగా తీసేయకుండా కొత్త ఎస్‌ఎస్‌డీలో ఒక భాగంలో దాన్ని, ఇంకో భాగంలో మింట్‌ని పెట్టమనండి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే విండోస్ 10కి 2026 అక్టోబరు 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత ఆ భాగాన్ని నెట్‌కి కలపకుండా ట్యాలీకే వాడుకోవాలి. ట్యాలీకి డబ్బు కట్టక్కర్లేని ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది, నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది గానీ నేర్చుకోవడానికి ఇబ్బంది లేదు. షాపులో "ఫుల్ వెర్షన్ క్రాక్ వేసిస్తాం, 300 ఇవ్వండి" అంటారేమో, వద్దనండి. ఎవరో తాళం పగలగొట్టి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్‌లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొట్టడం అంటే బీరువా తాళం గుమ్మానికి వేలాడదీసి పెళ్ళికి వెళ్ళడమే. ఇంకో మాట, పాపకి గ్నూక్యాష్ కూడా చూపించండి. అది ఉచితం, జంట పద్దు విధానంలో నడుస్తుంది, మీ కుట్టుపని లెక్కలు అందులో పాప చేతే రాయిస్తే తనకి డెబిట్, క్రెడిట్ ఒంటబడతాయి, మీకు ఏ నెల ఎంత మిగిలిందో తెలుస్తుంది.

రెండోది మాస్టారు. తెలుగు టీచరు కాబట్టి ప్రశ్నపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడుతూ ఉంటారని నా అనుమానం, మన వైపు డీటీపీ షాపులన్నీ దానిమీదే బతికాయి. ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి, కావు, ఆ ఫైళ్ళు లినక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు గజిబిజి అక్షరాలు వస్తాయి. పాత ఫైళ్ళు విండోస్ భాగంలోనే ఉంచుకుని, కొత్త పత్రాలు యూనికోడ్‌లో కొట్టడం అలవాటు చేసుకోమనండి. యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరిక చేతికి రావడానికి రెండు మూడు వారాలు విసుగు తప్పదు. బదులుగా ఆయనకి నచ్చేది ఒకటుంది: ఉచిత తెలుగు ఫాంట్లలో గిడుగు పేరుతో ఒకటి, గురజాడ పేరుతో ఒకటి ఉన్నాయి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన పేరు, విజయనగరం ఆయన పేరు రెండూ ఒకే మెనూలో కనిపిస్తుంటే మన జిల్లా తెలుగు మాస్టారు ఊరుకుంటారా!

బాబు కోసం విడిగా ఇప్పుడేమీ కొనకండి. కీబోర్డులోనే కంప్యూటరు ఇమిడి ఉండే రాస్ప్‌బెర్రీ పై 400, 500 లాంటివి మంచివే, మీ టీవీకి హెచ్‌డీఎంఐ తీగతో తగిలిస్తే చాలు, కరెంటు కూడా చాలా తక్కువ తింటుంది. కానీ టీవీ ముందు సీరియల్ టైములో ఎవరు కూర్చోవాలన్న గొడవ మీ ఇంటికి కొత్తగా తేవడం నాకిష్టం లేదు. ఎవరైనా చవగ్గా పాత క్రోమ్‌బుక్ (గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే లాప్‌టాప్) అమ్ముతామంటే దానికి అప్‌డేట్లు ఏ తేదీతో ఆగుతాయో సెట్టింగ్స్‌లో చూసి అప్పుడు బేరమాడండి.

డిస్క్ మార్చే ముందు అన్నీ కాపీ చేసుకోండి. నేను మొదటిసారి ఉత్సాహంగా మింట్ వేసి, మా అమ్మాయి బారసాల ఫోటోలు మొత్తం చెరిపేశాను, ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. ఒక కాపీ వేరే ఊళ్ళో చుట్టాల దగ్గర ఉంటే ఇంకా మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసినవాళ్ళం, ఒక ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి తడుస్తాయని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మిగిలే డబ్బు. నెలకు 2,330 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో మొదటి మూడు నెలలది రిపేరుకి తీయండి. నాలుగో నెల నుంచి 1,000 బ్యాంకులో మూడేళ్ళ రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, వడ్డీ కాకుండానే 36,000 అవుతుంది. పాప డిగ్రీ అయ్యాక ఉద్యోగానికో పై చదువుకో నిజంగా కొత్త మెషీన్ కావాలంటే అప్పుడు రొక్కం పెట్టి బేరమాడి కొనొచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే గానీ అది అయిదేళ్ళది, మూడేళ్ళకే మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు, అందుకే దీనికి బ్యాంకు అన్నాను. మిగతా 1,330 మీ కుట్టుమిషనుకి మోటారు లేకపోతే దానికి పెట్టండి, ఈ ఇంట్లో డబ్బు తెచ్చే యంత్రం అదీ.

ప్రింటర్ ఉందో లేదో మీరు రాయలేదు. హెచ్‌పీ వాటిలో చాలావాటికి లినక్స్‌లో ఓపెన్ సోర్స్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఉంది, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు మాత్రం బాగా మొండికేస్తాయి. ఉంటే దాని మోడల్ నంబరు చూసి పంపండి, షాపుకి వెళ్ళేలోపు అదీ తేల్చేద్దాం.