పడగ దగ్గరే ఆగిపోకు

అమ్మాయీ,

కథ అందింది. పొలం, మోటారు షెడ్డు, బోదె గట్టు, తడిసిన గడ్డి వాసన... ఆ చోటు నీకు బాగా తెలుసునని మొదటి పేజీలోనే అర్థమైంది. ఆ తర్వాత తాచుపాము లేచి పడగ విప్పింది. అక్కడి నుంచి మూడు పేజీల పాటు పాము బుసకొడుతూనే ఉంది, రైతు గుండె దడదడలాడుతూనే ఉంది, కాలం స్తంభించింది, వెన్నులో చలి పుట్టింది. నేను మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను. "పాఠకుడికి భయం ఎందుకు తగలడం లేదు మాష్టారూ?" అని అడిగావు. భయం పుట్టే చోటు, ప్రాణం పోయే చోటు ఒకటేననుకుని రాశావు. అవి రెండూ ఒకచోట కలవడం చాలా అరుదు. ఈ లేఖలో నేను చెప్పబోయేదంతా దీని గురించే.

ముందు ఆ పడగ సంగతి చూద్దాం. తాచు పడగ విప్పేది తనకు భయం వేసినప్పుడు. దగ్గరికి రావద్దని ఎదుటి ప్రాణికి చెప్పుకోవడం అది. అలా లేచిన పాము చాలాసార్లు నోరు తెరవకుండా మూతితో పొడిచి బెదిరిస్తుంది. కరిచినా ప్రతి కాటులోనూ విషం దిగదు. నీ రైతు మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. నువ్వు మూడు పేజీలు వర్ణించింది రెండు ప్రాణులు ఒకదాన్ని చూసి ఒకటి జడుసుకోవడాన్ని. అందులో అందం లేదని అనను. కానీ చావు సాధారణంగా ఆ దారిన రాదు. ఇది మన కథలకు కొత్తగా నేర్పాల్సిన సంగతీ కాదు. పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, కాపలా పెట్టి, మందులూ మంత్రవేత్తలనూ చుట్టూ ఉంచుకున్నాడు. భయం ఎటు చూసిందో అటువైపు దారులన్నీ మూశాడు. తక్షకుడు పండులో పురుగై వచ్చాడు.

ఇప్పుడు కట్లపామును తీసుకో. పగలు కదిలించినా తల దాచుకుని ముడుచుకునే పాము ఇది. రాత్రి ఎలుకల కోసమో, చిన్న పాముల కోసమో తిరుగుతూ ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. మనిషి నిద్రలో ఒత్తిగిలితే కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, చాలామందికి గాటు కూడా కనిపించదు. అర్ధరాత్రి దాటాక కడుపులో నొప్పి మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్న కూరను అనుమానిస్తారు. తల్లి లేచి దీపం వేసి వాము నమలమంటుంది. తెల్లవారుజామున రెప్పలు వాలిపోతుంటే పాపం నిద్ర చాలలేదనుకుంటుంది. తర్వాత మాట ముద్దగా వస్తుంది. ఉమ్మి మింగుడుపడదు. నువ్వు రాసిన 'నోట నురగ' ఇక్కడిదే. విషం పొంగి నోటి వరకు రావడం వంటిదేమీ ఉండదు. గొంతు కండరాలు పనిచేయక మింగలేకపోయిన లాలాజలం అది. ఆ తర్వాత ఊపిరి వంతు.

చూశావా, ఈ మనిషికి అప్పటిదాకా భయం అన్నదే లేదు. అపాయం మాత్రం గంటల తరబడి అతనితోనే ఉంది. అతని కోసం భయపడే పని మొత్తం పాఠకుడి మీద పడింది. ఆ తల్లి వాము డబ్బా వెతకడాన్ని నువ్వు తొందరపడకుండా ఒక పేరా రాస్తే చాలు, బుసలూ చెమటలూ లేకుండానే నా చేతులు చల్లబడతాయి. అయితే మీదికి ఒక వాక్యం ఎక్కించి, "పాపం ఆమెకు తెలియదు, అప్పటికే..." అని మాత్రం రాయకు. పాఠకుడికి ఒక్క ఆనవాలు ముందుగా ఇచ్చి ఊరుకో. చాప కింద నుంచి జారిపోతున్న నల్లని, తెల్లని కట్ల తోక కనిపిస్తే సరిపోతుంది.

ఆసుపత్రికి చేరాక ఇంకా ఉంది, దీన్ని ఎవరూ సరిగా రాయడం లేదని నా గొణుగుడు. కట్లపాము విషం మెదడు జోలికి పోదు. నరం కండరానికి ఆజ్ఞ అందించే కొసను దెబ్బతీస్తుంది. మనిషి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, పిలిస్తే పలకలేడు. చూసేవాళ్లు స్పృహ పోయిందనుకుంటారు, ప్రాణమే పోయిందనుకోవడమూ ఉంది. లోపల అతనికి తెలివి ఉండవచ్చు, అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు. విరుగుడు ఇంజెక్షను రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది కానీ, అప్పటికే పాడైన నరాల కొసలను బాగుచేయలేదు. అవి మళ్లీ పెరగాలి. పెరిగేదాకా యంత్రం ఊపిరి పోస్తూ ఉంటే కొన్ని రోజుల తర్వాత లేచి కూర్చునేవాళ్లున్నారు. ఆ కొన్ని రోజులూ మంచం పక్కన బంధువులు ఏం మాట్లాడుకుంటారు? అప్పుల సంగతి, గట్టు తగాదా, పెద్దకర్మకు ఎవరిని పిలవాలన్నది. అతను వింటూ ఉంటాడు. నీ తాచు పడగ కంటే ఇది భయంకరంగా లేదూ?

లోపలి నుంచి పుట్టే భయం వేరు, బయటి వస్తువును చూసి పుట్టేది వేరు. అమెరికాలో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో పరిశోధకులు పేర్కొనే ఒక మహిళ ఉంది. అరుదైన జబ్బు వల్ల ఆమె మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగం రెండు వైపులా పాడైపోయింది. పాములంటే అసహ్యమని ఆమె చెబుతుంది. కానీ పాములమ్మే దుకాణానికి తీసుకువెళ్తే వాటిని చేతిలోకి తీసుకుంది, నాలుకను తాకింది, ప్రమాదకరమైన వాటిని కూడా ముట్టుకుంటానని మళ్లీ మళ్లీ అడిగింది. నిజ జీవితంలో కత్తి చూపిన మనిషి ముందు కూడా ఆమెకు భయం కలగలేదట. భయం లేకపోవడం ఆమెను ధీరురాలిని చేయలేదు, అపాయంలోకి మళ్లీ మళ్లీ నడిపించింది. అటువంటి మనిషి చేత 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువగా కలిపిన గాలి పీల్పించారు. ఒక్క గుక్కకే హడలిపోయి ముఖానికున్న మాస్కు లాగేయబోయింది. కళ్లెదుట ఉన్న ఏ ఆపదా కదిలించలేని మనిషిని ఊపిరాడకపోవడం కదిలించింది. మరణాన్ని ఎదుర్కొన్న సన్నివేశం రాసేటప్పుడు నేను పాము కోరల దగ్గర కంటే ఊపిరి దగ్గర ఎక్కువ సేపు ఎందుకు నిలబడతానో దీన్నిబట్టి ఊహించుకో.

'కాలం స్తంభించింది' అన్న మాటను కొట్టేయమని చెప్పను, కానీ దాన్ని తప్పు చోట పెట్టావు. మెదడు శాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో ఒక ప్రయోగం ప్రచురించింది. మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి వెల్లకిలా వలలోకి వదిలారు. పడటానికి పట్టిన సమయం ఎంతని అడిగితే, ఇతరులు పడటానికి పట్టిందనుకున్నదాని కంటే తమది సుమారు మూడో వంతు ఎక్కువని చెప్పారు. మరి నిజంగానే కాలం నెమ్మదించి ఉంటే, మణికట్టుకు కట్టిన తెర మీద మామూలుగా కంటికి అందనంత వేగంగా మారే అంకెలు వాళ్లకు కనిపించాలి కదా. కనిపించలేదు. పడుతున్నప్పుడు కాలం ఎప్పటిలాగే నడిచింది. సాగింది తర్వాతి జ్ఞాపకంలో. కాబట్టి కాటు పడే క్షణాన్ని ఒక్క వాక్యంలో ముగించు. బతికినవాడు అరుగు మీద కూర్చుని చెప్పేటప్పుడు కావలసినంత సాగదీయనివ్వు. అతను చెబుతున్న కొద్దీ పాము మూరెడు పెరుగుతుంది, నువ్వు అడ్డుపడకు.

ఇక రక్తపింజరి. వరికోతల వేళ ఎండుగడ్డిలో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. కదిలిస్తే కుక్కర్ నుంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు పెద్దగా బుసకొడుతుంది కానీ, కాలు మీద పడ్డాక ఆ బుస ఎవరికి ఉపయోగం? దీని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కరిచిన మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువస్తే వాళ్లు చేసే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే ఊరట. నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టు.

ఆ 20 నిమిషాలు రాయమ్మా. బల్ల మీద గొట్టం, గోడ మీద గడియారం, బయట బెంచీ మీద ఆటో కిరాయి కోసం జేబులు తడుముకుంటున్న తమ్ముడు. ఎవరో గొట్టం తీసి చూడబోతే నర్సు ఒక్క కసురు కసురుతుంది. పాము ఎక్కడో నాలుగు మైళ్ల అవతల కలుగులో ఉంది. ఈ గదిలో పాము లేదు, అరుపు లేదు, అయినా ఎవరూ గొట్టం మీద నుంచి చూపు తిప్పలేరు. నీ కథలో అసలు సన్నివేశం ఇదేనేమో ఆలోచించు.

ఎవరు భయపడతారు, ఎవరు చస్తారు అన్నది కూడా చూడాలి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58 వేలు. చాలావరకు పల్లెల్లోనే, సగం వానాకాలపు నాలుగు నెలల్లోనే. పామును టీవీలో చూసి కాళ్లు పైకి ముడుచుకునేవాళ్లు అపార్ట్‌మెంట్లలో ఉంటారు. చెప్పుల్లేకుండా నాట్లు వేసే కూలీ, పాము ఎదురైతే "దారిన పోతోంది, పోనీ" అని పక్కకు తప్పుకుంటుంది. నీ రైతుకు నగరపు మనిషి భయాన్ని అంటగట్టావు. అందుకే అతను అబద్ధంగా ఉన్నాడు.

అతని నిజమైన భయం ఎక్కడుందో నీకే తెలుసు, కథ మొదటి పేజీలో రాశావు కూడా: మూడు రోజులుగా నీళ్లు అందక మడి బీటలు వారుతోంది, కరెంటు రాత్రి పన్నెండుకు వచ్చి తెల్లవారకముందే పోతుంది. 'మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుకు రైతు మృతి' అన్న వార్త జిల్లా పేజీల్లో ఎన్నేళ్లపాటు వచ్చిందో నీ వయసువాళ్లకు గుర్తుండకపోవచ్చు. అందుకే పగటిపూట కరెంటు మన దగ్గర ఎన్నికల హామీ అయింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. నీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో, ఏ జిల్లాలో జరుగుతోందో తేల్చుకో. అప్పుడు అతను పామును చూసి కూడా వెనక్కి ఎందుకు తగ్గలేదో తెలుస్తుంది. స్టార్టరు పాముకు అవతల ఉంది. కరెంటు పోవడానికి గంట కూడా లేదు. ఎండిపోయే మడి భయం అతన్ని ఒక అడుగు ముందుకు వేయించింది. ఆ అడుగుకు మూడు పేజీలు ఖర్చుపెట్టినా నేను అడగను.

మంత్రగాణ్ణి దుర్మార్గుడిగా చూపించావు, అది చవకబారు పని. అతను నమ్మే మంత్రం వేస్తాడు. ఊళ్లో కరిచే పాముల్లో నీరుకట్టు వంటి విషంలేనివి ఎన్నో, విషం దిగని కాట్లు మరికొన్ని. వాళ్లందరూ అతని దగ్గర 'బతికినవాళ్లే'. మిగిలినవాళ్లకు ఆయువు తీరిందంటారు. అతని మాట ఇంటివాళ్ల భయాన్ని నిజంగానే తగ్గిస్తుంది, చిక్కంతా అక్కడే. భయం తగ్గినకొద్దీ ఆటో పిలవడం ఆలస్యమవుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలి తీసుకున్నాక రెండు పనులు చేశారు: నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు, చిన్న పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలో అనుమతించలేదు. జనం కర్రల గురించే మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. కర్ర భయానికి మందు. అపాయానికి మందు ఆ గడియారపు నిబంధన, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీ మంత్రగాడి చేతిలో ఉన్నది కూడా కర్రే అనుకుని రాసి చూడు, అతని మీద జాలి పుడుతుంది, కథ బరువెక్కుతుంది.

చివరి సంగతి. తమ్ముడు కర్ర తీసుకుని పామును వెతికి చంపి, దాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చే ఘట్టం ఉంచాలా తీసేయాలా అని అడిగావు. ఉంచు. డాక్టరుకు చూపించాలని పామును చంపి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అవసరం లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి తయారైనది. వైద్యులు లక్షణాలను చూసి నిర్ణయిస్తారు. వెతకబోయి రెండో కాటు తిన్నవాళ్లూ ఉన్నారు. కానీ నువ్వు దీన్ని పగ తీర్చుకోవడంగా, గెలుపుగా రాశావు, అక్కడ మార్చు. తమ్ముడు గడ్డివామి కుళ్లగిస్తున్న ఆ పావుగంట అన్న ఎక్కడున్నాడు? నీ కథలో ఆ పావుగంటకు అతను మాయమైపోయాడు. అతన్ని ఆటోలో కూర్చోబెట్టు, డ్రైవరు చేత ఇంజను స్టార్టు చేయించు, తమ్ముడి కోసం అందరూ ఎదురుచూస్తూ ఉండనివ్వు. ఆటోలో అతను ఏం మాట్లాడతాడో ముందు అది రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాష్టారు