ఏడాదైనా ఈ ఊరు నాది కాలేదు

ప్రశ్న: మాది నెల్లూరు, మూలాపేట. నాకు 34 ఏళ్లు. నిరుడు మొహర్రానికి జరిగే రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి మా ఆయన కోసం ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. నెల తిరక్కుండానే గురుగ్రామ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. బాబుతో సహా ఇక్కడికి వచ్చేశాం. ఏడాదైనా నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు. హిందీ తడబడుతుంది. కరివేపాకు కూడా కొనుక్కోవాలి. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంది. రోజూ గంటన్నర వీడియో కాల్ మాట్లాడతాను, పెట్టేశాక ఏడుస్తాను. సంక్రాంతికి వెళితే అక్కడా చుట్టంలానే అనిపించింది. మా ఆయన ‘ఇంకా అలవాటు కాలేదా?’ అంటారు. కోరుకున్నది దొరికాక కూడా ఏడుస్తున్నానంటే తప్పు నాదేనా? కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలి, ఈసారి దానికి కూడా రాలేకపోయాను.

సలహా: మీ తప్పేం లేదమ్మా. మీరు కోరుకున్నది ఆయనకు ఉద్యోగం. దాంతోపాటు మీ వీధి, మీ అమ్మ, మీ మాట అన్నీ వదిలి రావాల్సి వస్తుందని చెరువులో నిలబడినప్పుడు మీకు తోచి ఉండదు. ఉద్యోగం వచ్చినందుకు సంతోషపడుతూనే ఊరి కోసం బెంగపడొచ్చు.

ఆయనకు పొద్దున్నే వెళ్లడానికి ఆఫీసు ఉంది, బాబుకు స్కూలు ఉంది. గడప దాటితే మిమ్మల్ని గుర్తుపట్టి పలకరించే మనిషి మీకే లేరు. కరివేపాకు మాట చదివి నేను కాసేపు ఆగిపోయాను. పెళ్లైన కొత్తలో నేను జబల్‌పూర్‌లో మూడేళ్లున్నాను. వేలు చూపించి కూరగాయలు కొనేదాన్ని. లెక్క అర్థంకాక చిల్లరంతా అరచేతిలో పెట్టి చాపితే కొట్టతనే ఏరుకునేవాడు. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఏడాది దాటాక, నేను రెండు రోజులు కనపడకపోతే ‘జ్వరం వచ్చిందా’ అని అతనే అడిగాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించింది. అందుకే రోజూ ఒకే కొట్టుకు, ఒకే వేళకు వెళ్లమంటాను. తప్పులతోనే హిందీ మాట్లాడండి.

ఇక అమ్మ విషయం. మీరు ‘బాగుండానమ్మా’ అంటారు, ఆవిడ ‘నేనూ బాగుండాను’ అంటుంది. గంటన్నరా ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ కూర్చుంటే, ఫోన్ పెట్టగానే ఏడుపు రాక ఏమొస్తుంది? రేపు ఒక్క నిజం చెప్పండి. ‘నాకిక్కడ పొద్దుపోవడం లేదమ్మా’ అనండి. ఆవిడ తట్టుకోలేదని భయపడకండి, మిమ్మల్ని పెంచిన మనిషి ఆవిడ. కాల్ అరగంటకు తగ్గించండి. వారంలో ఒకరోజు ఫోన్ గట్టు మీద ఆనించి చేపల పులుసు పెట్టండి, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో ఆవిడనే చెప్పమనండి. చేతిలో పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. సంక్రాంతికి మీకు చుట్టంలా అనిపించిందంటే, మీరు లేని రోజుల్ని ఆవిడ తన పద్ధతిలో సర్దుకుంది. అది చూస్తే బాధే, కానీ ఆవిడ గురించి మీకున్న భయంలో సగం దానితో పోవాలి.

మీ వారితో ఆదివారం నీళ్లు నమలకుండా మాట్లాడండి. ఆయన ‘ఇంకా అలవాటు కాలేదా?’ అన్నప్పుడల్లా పరీక్ష తప్పినట్టుంటుందని చెప్పండి. నెలకో ఆదివారం ముగ్గురూ ఢిల్లీ వెళ్లండి. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మన భోజనం దొరుకుతుంది. చెవిన తెలుగు పడితే ప్రాణం లేచొస్తుంది. డిసెంబరు, జనవరిల్లో అక్కడ పొగమంచు, సరిగా ఎండే ఉండదు, మనసు ఇంకా ముడుచుకుంటుంది. ఎండ వచ్చిన కాసేపైనా బయట కూర్చోండి.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, ఎందుకు బతకాలి అని ఒక్కసారి అనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్‌ను కలవడానికీ వెనకాడొద్దు.

రొట్టె బాకీ పడిందని రాత్రిళ్లు టెన్షన్ పడకండి. వచ్చే మొహర్రానికి రండి. పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది కనుక క్యాలెండర్ చూసుకుని బాబు సెలవులతో సరిపెట్టుకోండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు, ఒక పగలు. అమ్మను కూడా చెరువుకు తీసుకెళ్లండి. ఆయన ఉద్యోగం రొట్టె వదిలాక, ఈసారి మీ కోసం ఒకటి పట్టుకోండి.