మేషా రాయి మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఇశ్రాయేలుకు పొరుగు రాజ్యమైన మోయాబును ఏలిన మేషా రాజు తన విజయాలు చెక్కించుకున్న రాతి శాసనం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద వాలి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ‘బైబిల్ నిజమని తేల్చిన రాయి’ అని పేరు పెట్టావు. ముందు ఆ పేరు తీసెయ్. నాలుగు పేజీలూ దానికి కాపలా కాయడంతోనే సరిపోయింది, రాయి ఏమంటోందో వినే తీరిక నీకు దొరకలేదు. మీ ఇంట్లో రోజూ బైబిల్ చదువుతారని నాకు తెలుసు. నా పేచీ నీ విశ్వాసంతో కాదమ్మా, నీ తొందరతో.

నేనూ నీ వయసులో ఇదే రాయి మీద ఒక వారపత్రికకు రాశాను. అది లండన్ మ్యూజియంలో ఉందని రాశాను. ఉన్నది పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో. రిటైరైన పాస్టరుగారొకరు కార్డు ముక్క మీద ఒకే వాక్యం రాసి పంపారు: ‘అయ్యా, రాయి ఎక్కడుందో తెలియకుండానే అది ఏమన్నదో చెప్పేశారే!’ ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత పారిస్ వెళ్ళినప్పుడు దాన్ని చూశాను. దాదాపు నాలుగడుగుల నల్లరాయి, 34 వరసలు. దగ్గరికెళ్తే అది ఒక రాయి కాదని తెలుస్తుంది. గరుకుగా, గోధుమరంగులో కనిపించేవి అసలు ముక్కలు. వాటి మధ్య నున్నగా, నల్లగా ఉన్నదంతా తర్వాత పోత పోసి పూరించింది. ఈ తేడా నీ వ్యాసంలో లేదు. పాఠకుడికి మొదట చూపించాల్సింది అదే.

రాయి పగిలిన కథను నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు: ‘అజ్ఞానులైన ఎడారి తెగలు పగలగొట్టాయి’ అని. ఆ మాట కొట్టెయ్. 1868లో క్లైన్ అనే మిషనరీ ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో ఆ రాతిని చూశాడు. బైబిల్లో దీబోను అని వచ్చే ఊరు అదే. ఆ తర్వాత దానికోసం జర్మన్లు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లిషువాళ్ళు పోటీపడ్డారు. అప్పటి పాలకులైన టర్కీ అధికారులు రాయి అప్పగించమని అక్కడి బనీ హమీదా తెగను ఒత్తిడి చేశారు. ఆ అధికారులంటే వాళ్ళకు అప్పటికే మంట. ఇవ్వడం కంటే నయమని కింద నిప్పుపెట్టి కాల్చి, చన్నీళ్ళు పోశారు. ముక్కల్ని పంటకు మంచిదని గాదెల్లో దాచుకున్నారట. పరాయివాళ్ళు అంత ధర పెడుతున్న రాయిలో ఏదో మహిమ ఉందనుకోవడం అజ్ఞానమా?

అంతకుముందే, జెరూసలేంలోని ఫ్రెంచి కాన్సులేటులో పనిచేసే క్లెర్మాన్-గాన్నో దానికి అచ్చు తీయించాడు. వయసు ఇరవై మూడు, నీకంటే ఏడాది పెద్ద. మన శాసన పరిశోధకులూ చేసేది అదే పని: తడి కాగితాన్ని రాతికి అద్ది, అక్షరాల గుంటల్లోకి దిగేలా తట్టడం. ఆ కాగితం ఇంకా ఆరకముందే అక్కడ గొడవ మొదలైంది. అతను పంపిన మనుషుల్లో ఒకరికి బల్లెం పోటు తగిలింది. ఇంకొకడు రాయి ఉన్న గోతిలోకి దూకి తడి కాగితాన్ని లాగేసి, చిరిగిన ముక్కల్ని బట్టల్లో కుక్కుకుని గుర్రమెక్కాడు. ఇవాళ పోతపోసిన భాగాల్లో అక్షరాలున్నాయంటే ఆ నలిగిన కాగితం పుణ్యమే. నువ్వు దీన్ని వదిలేసి ‘దైవ సంకల్పం’ అని రాశావు. గుర్రం మీద పారిపోతున్నవాణ్ణి ముందు చూపించు.

ఇక అసలు విషయం. నువ్వు ఇశ్రాయేలు రాజు ఒమ్రీ పేరు ఉంది, ఇశ్రాయేలు దేవుడు యెహోవా పేరు ఉంది, మేషా పేరు ఉంది అని లెక్కపెట్టి సంబరపడ్డావు. నిజమే, ఉన్నాయి. కానీ ఇది శత్రువు చెప్పుకున్న కథ. ‘నేను మేషాను, మోయాబు రాజును, దీబోను వాణ్ణి’ అని ఊరి పేరుతో సహా మొదలుపెడతాడు. ఒమ్రీ చాలాకాలం మోయాబును అణిచాడట. ఎందుకంటే మోయాబు దేవుడు కెమోషుకు తన దేశం మీదే కోపం వచ్చిందట. న్యాయాధిపతుల గ్రంథం చదివినదానివి, ఈ తర్కం ఎక్కడో విన్నట్టు లేదూ? అక్కడా దేవుడు తన జనం మీద కోపంతోనే వాళ్ళను శత్రువుకు అప్పగిస్తాడు. నెబో అనే ఊళ్ళో ఏడువేలమందిని చంపానని గొప్పగా చెబుతాడు, యెహోవా సామగ్రిని కెమోషు ముందుకు ఈడ్చుకొచ్చానంటాడు. ఆ వరస దగ్గర నువ్వు నొచ్చుకుని ముందుకెళ్ళిపోయావు. అక్కడే ఆగాలి.

రెండు కథలూ ఒకదానికొకటి అతకనిచోట నువ్వు మైదా పూసి అతికించావు. అతికించకు. రాయి ఒమ్రీ కాలమూ, అతని కొడుకు కాలంలో సగమూ కలిపి నలభై ఏళ్ళు అంటుంది. రాజుల గ్రంథం లెక్కలో ఒమ్రీకి 12 ఏళ్ళు, అతని కొడుకు అహాబుకు 22. ఎలా కూడినా నలభై రాదు. తిరుగుబాటు అహాబు చనిపోయాక అని బైబిల్, కొడుకు కాలం సగంలోనే అని రాయి. రెండో రాజుల గ్రంథం మూడో అధ్యాయం చివర మేషా తన పెద్దకొడుకును గోడమీద బలి ఇస్తాడు, రాయిలో ఆ ఊసే లేదు. విజయాలు చెక్కించుకునే రాజు అది చెక్కిస్తాడా?

31వ వరస సంగతి. ‘దావీదు ఇల్లు’, అంటే దావీదు రాజవంశం, అని ఉందని ఢంకా బజాయించావు. అక్కడ రాయి దెబ్బతింది. 1994లో లెమేర్ అనే పరిశోధకుడు అలా చదివాడు. 2019లో ఫింకెల్‌స్టైన్, నాఅమాన్, రోమర్ కలిసి కాదు, అది బైబిల్లో మోయాబు రాజుగా వచ్చే బాలాకు పేరు కావచ్చన్నారు. తర్వాత కూడా కొత్త ఫొటోలతో వాదన నడుస్తూనే ఉంది. ‘ఇలా చదివినవారున్నారు’ అని రాస్తే చాలు, పరువేం పోదు.

నువ్వు ముట్టుకోనిది ఒకటుంది: నీళ్ళు. మేషా ఊళ్ళో తొట్టి లేదని చెప్పి, ప్రతివాడూ ఇంట్లో ఒక నీటితొట్టి తవ్వుకోండని జనాన్ని ఆజ్ఞాపిస్తాడు. మన మునిసిపాలిటీ ఇంకుడుగుంతల నోటీసు గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. ఇప్పుడు ఆ రెండో రాజుల గ్రంథం మూడో అధ్యాయం తెరువు. మోయాబు మీదికి వచ్చిన ఇశ్రాయేలు కూటమి సైన్యానికి నీళ్ళు లేవు, ఎలీషా ప్రవక్త లోయలో గోతులు తవ్వమంటాడు. ఉదయపు ఎండలో ఆ నీళ్ళు మోయాబీయులకు నెత్తురులా కనిపిస్తాయి. తర్వాత ఇశ్రాయేలీయులు వాళ్ళ ఊటలన్నీ పూడ్చేస్తారు. ఒకదానికొకటి సంబంధం ఉందని మాత్రం రాయకు, అలా అనడానికి ఆధారం లేదు. రెండూ పక్కపక్కన పెట్టు, అంతే. ఆ నేల ఎంత ఎండినదో అప్పుడు కనిపిస్తుంది.

క్రిస్మస్ సంచికకు ఇంకా మూడు వారాలుంది, టెన్షన్ పడకు. తొట్టి దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఈసారి ఫోన్లో పంపకు, నా కళ్ళు అక్షరాల్ని రెండేసిగా చూపిస్తున్నాయి. ప్రింటు తీసి, అటూ ఇటూ మార్జిన్ వదిలి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు