టెక్సాస్‌లో టెన్యూర్ ఎత్తేశారట, మా అమ్మాయి ఏ ఆఫర్ తీసుకోవాలి?

ప్రశ్న: నేను తెనాలిలో ప్రభుత్వ జూనియర్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ ముగించి, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడ పనిచేసే అనుమతి) మీద పోస్ట్‌డాక్ చేస్తోంది. పొడిగింపుతో కలిపి ఓపీటీ 2027 ఆగస్టు దాకా ఉంది. 2026 ఆగస్టులో చేరేలా రెండు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆఫర్లు వచ్చాయి. ఒకటి టెక్సాస్‌లో, ఇంకొకటి ఒహాయోలో. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే. టెక్సాస్‌వాళ్లు ల్యాబ్‌కు ఎక్కువ డబ్బు ఇస్తామంటున్నారు. కానీ అక్కడ చట్టం చేసి టెన్యూర్ (ప్రొఫెసర్లకు ఇచ్చే శాశ్వత ఉద్యోగ భద్రత) తీసేశారని డాలస్‌లో ఉన్న మా బంధువులు చెబుతున్నారు. పర్మినెంట్ కాని ఉద్యోగానికి అంత దూరాన ఎందుకు, ఇండియా వచ్చేయమందామా అని ఆలోచిస్తున్నాం. సలహా ఇవ్వగలరు.

జవాబు: మాస్టారూ, ముందు మీ బంధువుల మాట తేల్చేద్దాం. టెక్సాస్‌లో టెన్యూర్ తీసెయ్యలేదు. తీసెయ్యబోయి ఆగారు. 2022లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్ యూనివర్సిటీల్లో టెన్యూర్‌కు స్వస్తి చెబుతానని ప్రకటించారు. మరుసటి ఏడాది సెనేటర్ బ్రాండన్ క్రైటన్ తెచ్చిన సెనేట్ బిల్లు 18 మొదటి రూపం, కొత్తగా చేరేవాళ్లకు టెన్యూరే లేకుండా చేసేది. సెనేట్ దాన్ని ఆమోదించింది కూడా. ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. చివరికి గవర్నర్ సంతకం చేసిన చట్టంలో టెన్యూర్ ఉంది, దాన్ని ఏ కారణాలతో రద్దు చేయొచ్చో జాబితా కూడా ఉంది. సెనేట్ ఆమోదించిన నాటి వార్త మాత్రం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

ఆ జాబితాను అమ్మాయి ఒకసారి నిదానంగా చదవాలి. వృత్తిలో అసమర్థత, పదేపదే విధులు నిర్వర్తించకపోవడం, నకిలీ అర్హతలు చూపించడం, నేరం రుజువవడం వంటివాటితో ఎవరికీ పేచీ లేదు. యూనివర్సిటీ నిజంగా ఆర్థిక సంక్షోభంలో పడినా, కోర్సునే మూసేసినా తొలగించవచ్చనే మాటా పాతదే. అక్కడి అధ్యాపకులను కలవరపెడుతున్నది వేరే: ‘వృత్తికి తగని ప్రవర్తన’ కూడా ఒక కారణం. ఏది తగదో చట్టం చెప్పలేదు. ఆ పని ఆయా యూనివర్సిటీ వ్యవస్థలను నడిపే రీజెంట్ల (పాలక సభ్యుల) బోర్డులకు వదిలింది. ఆ బోర్డుల సభ్యులను నియమించేది గవర్నర్. అందుకే చట్టం ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది. ఆఫర్ ఇచ్చిన యూనివర్సిటీ తన పాలసీలో ఆ మాటకు ఏం అర్థం రాసుకుందో చూడాలి. ఆ పాలసీలు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఎవరినీ అడగక్కర్లేదు. టెన్యూర్ వచ్చాక కూడా కనీసం ఆరేళ్లకోసారి పనితీరు సమీక్ష ఉంటుందని విని కంగారు పడకండి. అది టెక్సాస్‌లో 1997 నుంచీ ఉన్నదే.

ఇక ఒహాయో ఏదో సురక్షితమైన చోటు అనుకుంటే పొరపాటు. అక్కడ 2025 మార్చిలో గవర్నర్ మైక్ డివైన్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 1, కొన్ని విషయాల్లో టెక్సాస్ చట్టం కంటే దగ్గరగా వచ్చి తగులుతుంది. ప్రతి ఏటా మదింపు ఉంటుంది. టెన్యూర్ ఉన్న అధ్యాపకులకు మూడేళ్లలో రెండేళ్లు ఒకే విభాగంలో ‘అంచనాలకు తగినట్లు లేదు’ అని వస్తే ప్రత్యేక సమీక్షకు పిలుస్తారు. బోధనకు వేసే మార్కుల్లో కనీసం నాలుగో వంతు విద్యార్థుల అభిప్రాయాల నుంచే రావాలి. క్లాసులో రాజకీయ, జాతి, లింగ, మత పక్షపాతం లేని వాతావరణం ఉందా అన్న ప్రశ్న ఆ ఫారంలో తప్పనిసరి. అధ్యాపకులు సమ్మె చేయకూడదు. మదింపు, టెన్యూర్, సిబ్బంది తగ్గింపు గురించి యూనియన్ బేరమాడకూడదు.

మరి ఇంజినీరింగ్ వాళ్లకు ఇవన్నీ ఎంత తగులుతాయి? ఈ చట్టాలు చేసినవాళ్ల కన్ను ఎక్కువగా చరిత్ర, సామాజిక శాస్త్రం, జాతి సంబంధ అధ్యయనాల మీద ఉంది. నీటి శుద్ధి మీద పరిశోధించే అసిస్టెంట్ ప్రొఫెసర్ క్లాసు గురించి ఫిర్యాదు రావడం తక్కువ. అయితే మీ అమ్మాయి పేద వాడల్లో నీటి కాలుష్యం, వాతావరణ మార్పు లాంటి అంశాల మీద పనిచేస్తుంటే అది వేరే లెక్క. అలాంటప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే అదే పని చేస్తున్నవాళ్లతో ఫోన్లో మాట్లాడించండి. ఈమెయిల్‌లో వాళ్లు నోరు విప్పరు.

మీరు ‘పర్మినెంట్’ అన్న మాట వాడారు కాబట్టి అది కూడా చెప్పుకుందాం. సర్వీసులో ఉండగా మిమ్మల్ని విచారణ లేకుండా డిస్మిస్ చేయకుండా కాపాడింది రాజ్యాంగం 311వ అధికరణం. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీలో టెన్యూర్‌కు బలం కూడా రాజ్యాంగం నుంచే వస్తుంది, కాకపోతే అది కోర్టుల ద్వారా వచ్చింది. 1972లో అక్కడి సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులు ఇచ్చింది. విస్కాన్సిన్‌లో ఏడాది కాంట్రాక్టు మీద ఉన్న డేవిడ్ రాత్‌కు, కాంట్రాక్టు పొడిగించనందుకు విచారణ కోరే హక్కు లేదంది. టెక్సాస్‌లోని ఒడెస్సా జూనియర్ కాలేజీలో పనిచేసిన రాబర్ట్ సిండర్‌మన్ విషయంలో మాత్రం వేరేగా చెప్పింది. అక్కడ టెన్యూర్ పద్ధతే లేదు. కానీ పని బాగున్నంత కాలం ఉద్యోగం శాశ్వతమేననుకోవచ్చని కాలేజీ తన ఫ్యాకల్టీ గైడ్‌లో రాసుకుంది. అలాంటి రాతల మీద ఆధారపడి తనకు హక్కు ఉందని నిరూపించుకునే అవకాశం ఆయనకు ఇవ్వాలంది కోర్టు. హ్యాండ్‌బుక్ చదవమని నేను వచ్చిన ప్రతివాళ్లనూ పోరేది ఇందుకే. కోర్టు దాకా వెళితే అందులో ఉన్న రాతే సాక్ష్యం.

ఇక్కడ మీరు గమనించాల్సింది, మీ అమ్మాయి ఇప్పుడు ఉండేది రాత్ స్థానానికి దగ్గరగా. టెన్యూర్ ట్రాక్ అంటే టెన్యూర్ వైపు నడిపే ప్రొబేషన్, టెన్యూర్ కాదు. మూడో ఏడాది ఒక సమీక్ష, ఆరో ఏడాది టెన్యూర్‌కు దరఖాస్తు, రాకపోతే ఒక్క ఏడాది గడువిచ్చి పంపేస్తారు. అంటే ఈ చట్టాల్లో టెన్యూర్ రద్దుకు సంబంధించిన నిబంధనలు అమ్మాయికి నేరుగా వర్తించడం 2032 ప్రాంతం నుంచి. ఈలోగా ఆ చట్టాలు ఎన్నిసార్లు మారతాయో! ఈ ఆరేళ్లు ఆమెను నిలబెట్టేది గ్రాంట్లు, పేపర్లు, తన దగ్గర పీహెచ్‌డీ చేసే విద్యార్థులు. ఆ లెక్కన ల్యాబ్ డబ్బు చిన్న విషయం కాదు. ఈ ఒక్క కోణంలో టెక్సాస్ ఆఫర్‌దే పైచేయి.

కోర్సుల మూసివేత విషయంలో మాత్రం నేను కొంచెం జాగ్రత్తపరుణ్ని. టెన్యూర్‌ను రాష్ట్ర చట్టంలోనే రాసి కాపాడిన రాష్ట్రం విస్కాన్సిన్. 2015లో స్కాట్ వాకర్ గవర్నర్‌గా ఉండగా బడ్జెట్ బిల్లులోనే ఆ రక్షణను చట్టం నుంచి తీసి రీజెంట్ల పాలసీకి అప్పగించారు. కోర్సు మూసేసినా, తగ్గించినా, దాని దిశ మార్చినా అధ్యాపకులను తొలగించే వీలు కల్పించారు. అప్పట్లో అది కాగితం మీది భయమే అన్నవాళ్లు ఉన్నారు. 2024 ఆగస్టులో మిల్వాకీ క్యాంపస్‌కు చెందిన జనరల్ స్టడీస్ కాలేజీ మూతపడినప్పుడు, టెన్యూర్ ఉన్న 32 మందిని తొలగించడానికి రీజెంట్లు ఓటేశారు. వాళ్లలో ఎవరి పనితీరు మీదా ఆరోపణ లేదు. ఒహాయో కొత్త చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది: మూడేళ్ల సగటున ఏడాదికి ఐదు డిగ్రీలైనా ఇవ్వని అండర్‌గ్రాడ్యుయేట్ కోర్సును, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప ఎత్తేయాలి. కాబట్టి ఒహాయోవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ విడి డిగ్రీయా, సివిల్‌లో భాగమా? సివిల్‌లో భాగమైతే దిగులు లేదు. విడి డిగ్రీ అయితే గత మూడేళ్లలో ఎంతమంది పట్టా తీసుకున్నారో చెప్పమనాలి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నా దృష్టిలో ఈ ఉత్తరంలో అసలు సమస్య అదే: వీసా. 2026 జనవరి చివర్లో టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్, రాష్ట్ర సంస్థలూ ప్రభుత్వ యూనివర్సిటీలూ కొత్త హెచ్-1బీ (ఓపీటీ తర్వాత అమ్మాయికి కావాల్సిన ఉద్యోగ వీసా) దరఖాస్తులు వేయకూడదని ఆదేశించారు. 2027 మే 31 దాకా ఇది అమల్లో ఉంటుంది. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ రాతపూర్వకంగా అనుమతిస్తేనే మినహాయింపు. ఇది అసెంబ్లీ చేసిన చట్టం కూడా కాదు, గవర్నర్ రాసిన లేఖ. టెన్యూర్ చట్టం మీద రెండేళ్లు వాదులాడుకున్న రాష్ట్రంలో, మీ అమ్మాయి లాంటివాళ్ల దారికి అడ్డం పడ్డది ఒక్క లేఖ.

తేదీలు కలిపి చూడండి. ఆగస్టులో ఓపీటీ మీదే చేరవచ్చు, అభ్యంతరం లేదు. నిషేధం ముగిసేది 2027 మే 31న. ఓపీటీ ముగిసేది ఆ ఆగస్టులో. మధ్యలో దరఖాస్తుకు దొరికేది రెండు నెలల పైచిలుకు. యూనివర్సిటీలకు లాటరీ లేదు, ఏ నెలలోనైనా దరఖాస్తు వేయొచ్చు. అదనపు ఫీజు కట్టే ప్రీమియం ప్రాసెసింగ్‌లో పదిహేను పనిదినాల్లో జవాబు వస్తుంది. అమ్మాయి అమెరికాలో ఉండగానే స్టేటస్ మార్పు కోరితే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు కూడా పడదు. అంటే కాగితం మీద సాధ్యమే. కానీ గవర్నర్ ఆ గడువు పొడిగిస్తే? అప్పుడు అంత మంచి ల్యాబ్ వదిలేసి రావాలి. అందుకని టెక్సాస్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అమ్మాయి ఈమెయిల్‌లో సూటిగా అడగాలి: నా కేసుకు కమిషన్ అనుమతి కోరతారా, ఎప్పుడు కోరతారు, రాకపోతే మీ ప్రత్యామ్నాయం ఏమిటి? డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్లో ‘అంతా మేం చూసుకుంటాం’ అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆయన మంచివాడే కావచ్చు, సంతకం పెట్టేది ఆయన కాదు.

రెండు చోట్లా అడగాల్సింది గ్రీన్‌కార్డు. ప్రతిభావంతులైన ప్రొఫెసర్లకు ఉద్దేశించిన ఈబీ-1బీ కేటగిరీకి టెన్యూర్ ట్రాక్ ఉద్యోగం సరిపోతుంది, టెన్యూర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. కనీసం మూడేళ్ల పరిశోధన లేదా బోధన అనుభవం ఉండాలి, దరఖాస్తు యూనివర్సిటీ వేయాలి. కొన్ని యూనివర్సిటీలు చేరిన మొదటి ఏడాదే మొదలుపెడతాయి, కొన్ని మూడో ఏడాది సమీక్ష అయ్యాక చూద్దామంటాయి. మనవాళ్లకు క్యూ ఎంత పొడుగో మీకు తెలిసిందే, ఆ తేడా జీవితంలో ఏళ్లకు ఏళ్లు తినేస్తుంది. హెచ్-1బీ మీద ఉండగా ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది అరవై రోజులే. అధ్యాపక నియామకాలు ఏడాదికోసారి జరిగే చోట అరవై రోజులు ఏమూలకు? టెన్యూర్ కాగితం కంటే గ్రీన్‌కార్డు కాగితం ముందు చేతికి రావాలని నేను చెప్పేది అందుకే.

ఇండియా సంగతి. రమ్మనడం తప్పేమీ కాదు, అయితే భయంతో రమ్మనవద్దు. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంతకు తక్కువైతే గ్రేడ్-2లో కాంట్రాక్టు మీద తీసుకుంటారు. చాలా ఐఐటీలు ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటాయి కాబట్టి హైదరాబాద్, తిరుపతి రెండింటికీ ఇప్పుడే ఒకటి పడేసి ఉంచమనండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో పోస్టుల కోసం మాత్రం కాచుక్కూర్చోవద్దు. అక్కడ నోటిఫికేషన్ల కథ, కాంట్రాక్టు అధ్యాపకుల కథ మీకు నేను చెప్పాలా?

నా అభిప్రాయం అడిగారు గనక: టెన్యూర్ చట్టాలను మాత్రమే చూస్తే ఇంజినీరింగ్ అభ్యర్థికి టెక్సాస్, ఒహాయోల మధ్య పెద్ద తేడా లేదు. ల్యాబ్ డబ్బు టెక్సాస్ వైపు లాగుతుంది, వీసా ఒహాయో వైపు. టెక్సాస్ నుంచి పైన చెప్పిన మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా సరైన జవాబు వస్తే అక్కడికే వెళ్లమంటాను. రాకపోతే ఒహాయో. టెక్సాస్ ఆఫర్ చూపించి, ల్యాబ్ నిధులు పెంచమని ఒహాయోవాళ్లను ఒకసారి అడగమనండి. ఇంకో ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. జవాబుకు గడువు దగ్గరపడి ఉంటే రెండు చోట్లా రెండు వారాలు పొడిగింపు కోరాలి. మామూలుగా ఇస్తారు. ఆ ఈమెయిల్ అమ్మాయే రాయాలి మాస్టారూ, మీరు కాదు.