ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందంటున్నారు, సంతకం చేయవచ్చా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోన్ 0.6 ఉంది. రెండుసార్లు ఐవీఎఫ్ ఫలించలేదు. నా రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్లను అండాశయాల్లోకి ఎక్కిస్తామని, ఈ పీఆర్‌పీ పద్ధతికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందని సంతాన సాఫల్య కేంద్రం వారు అంటున్నారు. ఇక భయపడనక్కర్లేదా? స్నేహితురాలు చెబితే నాలుగు నెలలుగా డీహెచ్‌ఈఏ మాత్రలు వాడుతున్నాను.

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. మీరు చివర్లో ఒక్క మాటలో చెప్పి వదిలేశారు గానీ, నన్ను కలవరపెట్టింది అదే. డీహెచ్‌ఈఏ విటమిన్ కాదమ్మా, హార్మోన్. శరీరంలో పురుష హార్మోన్లుగా మారుతుంది. మొటిమలు, ముఖంపై రోమాలు, జుట్టు రాలడం వంటివి రావచ్చు. హార్మోన్ పరీక్షల అంకెలూ మారిపోవచ్చు. స్నేహితురాలికి రాసిన మందు మీకూ పనికొస్తుందని ఎలా అనుకున్నారు? ఈ నాలుగు నెలల సంగతి మీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ఇక కమిటీ. మనుషులపై చేసే వైద్య పరిశోధనలను పరిశీలించి అనుమతించేదే ఎథిక్స్ కమిటీ. మామూలు ఐవీఎఫ్‌కు ప్రతి దంపతుల విషయంలో ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదు. సంతాన సాఫల్య కేంద్రం మాత్రం ఇలాంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద నమోదై ఉండాలి. కమిటీ మాట ఎత్తారంటే మిమ్మల్ని పరిశోధనలో చేర్చుకుంటున్నారేమో అడగండి. పీఆర్‌పీ వల్ల గర్భం నిలుస్తుందనడానికి గట్టి ఆధారాలు ఇంకా లేవు. పాల్గొనేవారికి ముప్పు ఎంత, వారికి అన్నీ విడమరచి చెబుతున్నారా, ఇష్టపడే ఒప్పుకున్నారా అన్నది కమిటీ చూస్తుంది. అందుకే అందులో డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు ఉంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. చికిత్స ఫలిస్తుందన్న హామీ మాత్రం వారు ఇవ్వరు.

తెలుగులో సమాచార పత్రం ఇవ్వమనండి. అందులో కమిటీని సంప్రదించే వివరాలు ఉండాలి. ఇంటికి తెచ్చుకుని, ఇద్దరూ చదివాకే సంతకం చేయండి. చేరాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అందువల్ల మీ మామూలు చికిత్స ఆగకూడదు. డబ్బు అడిగారా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధన ఖర్చును పాల్గొనేవారిపై వేయకూడదు. ఒకపక్క పరిశోధన అంటూ మరోపక్క ప్యాకేజీ ధర చెబితే సంతకం చేయకండి.

అలాగని ఆలోచిస్తూ ఆరు నెలలు గడపవద్దు. మీ వయసులో, ఈ ఏఎంహెచ్‌తో ఆలస్యం చేసే కొద్దీ అవకాశాలు తగ్గుతాయి. దాత అండాల గురించీ అడగండి. చట్టప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. మీ రిపోర్టులు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. పాత ఐవీఎఫ్ రిపోర్టులన్నీ తీసుకుని ఈ నెలలోనే మరో నిపుణులను కలవండి.