షాపుల్లో ఇచ్చే నాన్‌వోవెన్ బ్యాగ్ గుడ్డేనా, ప్లాస్టిక్కా? అసలు ఎలా తయారుచేస్తారు, ఇంకా ఎక్కడ వాడతారు?

ప్లాస్టిక్కేనండి. బట్టల షాపుల్లో, స్వీట్ షాపుల్లో "క్లాత్ బ్యాగ్" అని చెప్పి డబ్బులు తీసుకుని ఇస్తారే ఆ మెత్తటి సంచి, అది పాలీప్రొపిలీన్. మన ప్లాస్టిక్ కుర్చీలు, సిమెంటు బస్తాలు కూడా ఆ మెటీరియల్‌తోనే చేస్తారు. నేను హైదరాబాద్ దగ్గర ఈ సంచుల బట్ట తయారుచేసే ఒక స్పన్‌బాండ్ ప్లాంట్‌లో కొన్నేళ్ళు ప్రొడక్షన్ సైడ్ పనిచేశాను, అక్కడ చూసింది, తెలిసింది చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

ప్లాంట్‌లో మగ్గం గానీ పడుగూ పేకా గానీ ఏమీ ఉండవు. బస్తాల్లో తెల్లటి దానా, అంటే ప్లాస్టిక్ గింజలు, వస్తుంది, దాంట్లో రంగు కోసం మాస్టర్‌బ్యాచ్ అనే రంగు గింజలు కలిపి ఎక్స్‌ట్రూడర్ అనే కరిగించే మెషిన్‌లోకి వదుల్తారు, అక్కడ 220, 240 డిగ్రీల దగ్గర కరిగి ముద్దై, ఫిల్టర్ దాటి, వేల కొద్దీ సన్న రంధ్రాలున్న స్పిన్నరెట్ అనే ప్లేట్‌లోంచి కిందికి దిగుతుంది, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టే, కాకపోతే దిగేవి దారాలు. దిగుతుండగానే పక్కనుంచి చల్లగాలి కొట్టి గట్టిపరుస్తారు, అదే గాలి వేగంతో కిందికి లాగుతారు. ఆ లాగడంలోనే దారం సన్నబడుతుంది, బలం కూడా అప్పుడే వస్తుంది. చివరికి 15 నుంచి 30 మైక్రాన్ల మందం ఉంటుంది, తల వెంట్రుక కంటే చాలా సన్నం. కింద తిరుగుతున్న జల్లెడ బెల్ట్ మీద ఇవన్నీ అడ్డదిడ్డంగా పడి పొరలా పరుచుకుంటాయి, బెల్ట్ అడుగు నుంచి గాలి పీలుస్తుంటారు కాబట్టి ఎగిరిపోవు.

ఈ స్టేజ్‌లో ముట్టుకుంటే దూదిలాగా విడిపోతుంది, ఇంకా బట్ట కాలేదు. దాన్ని క్యాలెండర్ అనే రెండు వేడి రోలర్ల మధ్య నుంచి పంపుతారు. ఒక రోలర్ నున్నగా ఉంటుంది, రెండో దాని మీద చిన్న చిన్న బొడిపెలు చెక్కి ఉంటాయి, బొడిపె నొక్కిన చోట మాత్రమే దారాలు కరిగి అతుక్కుంటాయి. మీ దగ్గరున్న సంచిని వెలుతురుకి పెట్టి చూడండి, వరసగా చుక్కలు కనిపిస్తాయి, అవే. ఆ అతుకులన్నీ కలిపితే మొత్తం బట్టలో ఐదో వంతు అటూ ఇటూ, మిగతాదంతా వదులు దారమే, అందుకే గాలి ఆడుతుంది, చేతికి మెత్తగా తగుల్తుంది.

మా పని మొత్తంలో కష్టమంతా ఈ క్యాలెండర్ దగ్గరే. పాలీప్రొపిలీన్ 160, 165 దగ్గర కరుగుతుంది, రోలర్‌ని దానికి కాస్త కిందే పట్టి ఉంచాలి. నాలుగైదు డిగ్రీలు తగ్గితే చేత్తో రుద్దగానే నూగు లేస్తుంది, పెరిగితే చుక్కలు గాజులా గట్టిపడి వాటి అంచుల వెంబడే చిరుగుతుంది. మీటర్ రీడింగ్ ఉన్నా సీనియర్ ఆపరేటర్లు రోల్ మీద బొటనవేలితో రుద్ది చూసేవాళ్ళు, అది నేర్చుకోవడానికి చాలా టైం పడుతుంది, ఆ పనికి తగిన గౌరవం బయట ఎవరూ ఇవ్వరు.

ఇది స్పన్‌బాండ్ ఒక్కటే. మెల్ట్‌బ్లోన్ అని ఇంకో రకం ఉంది, అందులో దారాన్ని లాగేది చాలా వేడి గాలి, అందుకే ఒకటి నుంచి ఐదు మైక్రాన్లకి చీల్చినట్టు సన్నబడుతుంది, బలం ఉండదు కానీ దుమ్ము ఆపుతుంది. సర్జికల్ మాస్క్‌లో మధ్య పొర అదే, బయట లోపల స్పన్‌బాండ్. ఆ మధ్య పొరకి కరెంట్ చార్జ్ కూడా ఎక్కిస్తారు, సన్న కణాలు దానికి అతుక్కుంటాయి, సబ్బుతో ఉతికినా స్పిరిట్ కొట్టినా ఆ చార్జ్ పోతుంది కాబట్టి ఉతికిన మాస్క్ చూడ్డానికి బానే ఉన్నా వడపోత తగ్గిపోతుంది. 2020లో మెల్ట్‌బ్లోన్ దొరక్క రెండు మూడు పొరలూ స్పన్‌బాండే పెట్టి అమ్మిన మాస్కులు నేను విప్పి చూశాను, చాలా బాధేసింది, అవి వేసుకుని జనం ధైర్యంగా ఆస్పత్రులకి వెళ్ళారు. ఇప్పటికీ డౌట్ ఉంటే ఒక మాస్క్ కత్తిరించండి, మధ్యలో చుక్కలు లేని తెల్లటి కాగితం లాంటి పొర ఉండాలి.

వెట్ వైప్స్‌ది ఇంకో దారి, విస్కోస్, పాలిస్టర్ పీచు పరిచి సన్నటి నీటి ధారల్ని చాలా ప్రెషర్‌తో కొడితే పీచు ఒకదానికొకటి చిక్కుపడి బట్టవుతుంది, స్పన్‌లేస్ అంటారు. నీడిల్ పంచ్ అంటే ముళ్ళున్న సూదులతో పొడిచి పొడిచి కలపడం, కార్ల లోపలి కార్పెట్ ఎక్కువగా అదే. రోడ్ల కింద వేసే జియోటెక్స్‌టైల్‌లో కూడా ఇది బాగా వాడతారు. నల్లరేగడి నేలలో వానాకాలం కంకర బురదలోకి దిగిపోతుంది కదా, మధ్యలో ఈ పొర ఉంటే నీళ్ళు పోతాయి, మట్టి మాత్రం పైకి రాదు.

ప్యాడ్స్, డైపర్ల సంగతి నాకు చాలా ఇష్టం. పాలీప్రొపిలీన్‌కి నీళ్ళు పట్టవు, సంచి మీద ఒక చుక్క వేసి చూడండి, బొట్టుగా నిలబడుతుంది. కానీ డైపర్ పై పొర తడిని వెంటనే కిందికి వదలాలి, అందుకని దానికి ఒక కెమికల్ పట్టిస్తారు, అదే డైపర్‌లో కాళ్ళ దగ్గర అంచుకి పట్టించరు, అక్కడ లీక్ ఆగాలి కాబట్టి.

పొలంలో కూడా ఉంది. తాడిపత్రి, పులివెందుల వైపు అరటి తోటల్లో గెలలకి తెల్లటి కవర్లు తొడుగుతారు, అది పల్చటి నాన్‌వోవెన్. ఆకు రాసుకుని కాయ మీద గీతలు పడవు, తామర పురుగుల మచ్చ తగ్గుతుంది, పాలిథిన్ అయితే లోపల చెమ్మ చేరి వేడెక్కుతుంది, ఇది గాలి వదుల్తుంది. ఎక్స్‌పోర్ట్‌కి మచ్చలేని కాయ కావాలి కాబట్టి రైతుకి ఈ ఖర్చు గిట్టుబాటే.

ఇలాంటి చోట ఇది చేసే పని నేసిన బట్ట చేయలేదు, నేను ఈ బట్టకి వ్యతిరేకిని కాదు. నాకు కోపం వచ్చేది దీన్ని గుడ్డ అని, పర్యావరణానికి మంచిదని ప్రింట్ కొట్టి అమ్మినప్పుడే. కేంద్రం ప్లాస్టిక్ వ్యర్థాల రూల్స్ కూడా దీన్ని ప్లాస్టిక్ క్యారీబ్యాగ్ అనే పిలుస్తాయి, 2021 సెప్టెంబర్ 30 నుంచి 60 జీఎస్ఎమ్‌కి తగ్గకూడదని ఉంది, అంటే చదరపు మీటరుకి 60 గ్రాములు. ఇంట్లోనే చెక్ చేయొచ్చు, 30 సెంటీమీటర్ల వెడల్పు 40 పొడవు ఉన్న సంచి, హ్యాండిల్స్ తీసేసి తూస్తే రెండు వైపులా కలిపి 14 గ్రాముల పైన రావాలి. చిన్న షాపుల్లో ఇచ్చే డీ-కట్ సంచులు (చేత్తో పట్టుకోవడానికి పైన D ఆకారంలో కోసినవి) చాలావరకు ఇందులో సగం కూడా తూగవు. ఒక్కోసారి తూకం సరిపోయినా బలం ఉండదు, ధర తగ్గించడానికి సున్నపురాయి పొడి ఎక్కువ కలిపితే బరువు వస్తుంది కానీ హ్యాండిల్ దగ్గర ఊడుతుంది.

గుడ్డో కాదో తేల్చుకోవాలంటే ఒక మూల చిన్న ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని అంటించండి, కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, ఇది ముడుచుకుని కరిగి చుక్కలు కారుతుంది, కొవ్వొత్తి వాసన వస్తుంది (చుక్క చేతి మీద పడితే గట్టిగా కాలుతుంది, జాగ్రత్త).

ఇప్పటికే ఇంట్లో ఉన్నవి పారేయకండి, చిరిగే దాకా వాడండి. చల్లనీళ్ళతో ఉతకొచ్చు, ఇస్త్రీ వద్దు. డాబా మీద ఎండలో మాత్రం వదిలేయకండి, ఎండని తట్టుకునే యూవీ మందు కలపని బట్ట కొన్ని నెలల్లో నలిపితే పొడి పొడిగా రాలిపోతుంది, ఆ పొడంతా మట్టిలో కలిసే ప్లాస్టిక్కే. చిరిగాక పొడి చెత్తలో వేయండి, పెరట్లో కాల్చొద్దు. ప్లాంట్‌లో మేము అంచు ముక్కల్ని మళ్ళీ కరిగించి వాడేవాళ్ళం, అంటే రీసైకిల్ అవుతుంది, కాకపోతే శుభ్రంగా, వేరే ప్లాస్టిక్ కలవకుండా చేరాలి.