టెక్ సందేహాలు: ఏ ఈసీయూ పెడితే ఎమిషన్ టెస్టు పాసవుతుంది?

ప్రశ్న: నాది 2012 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బెంగళూరులోనే కొన్నది. టర్బో, పెద్ద ఇంజెక్టర్లు వేయించి, కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మీద పిగ్గీబ్యాక్ (దానికి తోడుగా తగిలించే అదనపు పెట్టె) పెట్టించాను. రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఎమిషన్ టెస్టు ఫెయిలైంది. ఇప్పుడు కంపెనీది తీసేసి దాని బదులు స్టాండలోన్ ఈసీయూ వేసుకోమంటున్నారు. ఏది కొనమంటారు? – ఓ పాఠకుడు, మారతహళ్లి

కారు మోడల్ మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. అడిగే తీరే తప్పండీ. టెస్టు పాసవ్వాల్సింది ఈసీయూ కాదు, సైలెన్సర్ లోంచి వచ్చే పొగ. బంకు దగ్గర కుర్రాడు ప్రోబ్ దూర్చి చూసేది ఆ పొగనే, లోపల ఎన్ని వేలు పోసి ఏ పెట్టె బిగించారో వాడికి అనవసరం.

బెంగళూరులో బీఎస్4 కాలుష్య ప్రమాణం 2010లోనే వచ్చింది కాబట్టి మీ కారుకు ఆ లెక్కే. ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. తర్వాత ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి చూస్తారు. అక్కడ సీఓ 0.2 లోపల, ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల లెక్క, సరిగ్గా కుదిరితే 1) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. చూశారుగా, ఫుల్ యాక్సిలరేటర్‌తో ఇందులో పనే లేదు. మీ ట్యూనర్ డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద కష్టపడి సరిచేసిందంతా ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర, మీరు ఫెయిలైంది ఐడిల్‌లోనో 2500 దగ్గరో.

పిగ్గీబ్యాక్ ఎందుకు చెడిందంటే, అది కంపెనీ ఈసీయూకి సెన్సర్ల దగ్గర అబద్ధం చెప్పి పని జరిపించుకుంటుంది. మామూలుగా నడిపేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్‌ను చూసుకుంటూ పెట్రోల్ సర్దుకుంటుంది, ఆ సర్దుబాటును గుర్తు కూడా పెట్టుకుంటుంది. అబద్ధాన్ని మెల్లగా దిద్దుకుంటూ పోయి, ఇక దిద్దడం తన వల్ల కాని రోజున లైటు వెలిగిస్తుంది. అందుకే మీకు రెండు నెలలు పట్టింది.

స్టాండలోన్ కొనేటప్పుడు ఎన్ని ఛానెళ్లు, ఎంత పెద్ద స్క్రీన్ అని చూడకండి. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో (పాళ్లను కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సర్) ఐడిల్‌లో కూడా క్లోజ్డ్ లూప్, అంటే సెన్సర్‌ను చూసుకుంటూ పెట్రోల్ సర్దుకోవడం, నడుస్తుందా అని అడగండి. మీ ఇంజెక్టర్ల డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే సమయం) పట్టిక, చాలా కొద్దిసేపే తెరుచుకున్నప్పుడు అవి ఎంత పోస్తాయన్న లెక్క అందులో ఎక్కించే వీలుందా అని అడగండి. టర్బో కోసం వేసిన పెద్ద ఇంజెక్టరు ఐడిల్‌లో ఒకటి రెండు మిల్లీసెకన్లే తెరుచుకుంటుంది, అంత తక్కువలో దాని లెక్క తిన్నగా ఉండదు, ఒక్క చుక్క ఎక్కువైనా సీఓ లేచి కూర్చుంటుంది. గాలి ఒత్తిడి కొలిచే బారో సెన్సర్ ఉందా అని కూడా చూడండి. చెన్నైలో ట్యూన్ చేయించుకుని ఇక్కడికి తెచ్చిన ఒకాయన కారు అక్కడ శుభ్రంగా ఉండి ఇక్కడ నల్లపొగ కక్కింది. థ్రాటిల్ ఎంత తెరుచుకుందన్న లెక్క మీదే పెట్రోల్ పోసే ట్యూన్ అది. మనం సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి ఇంచుమించు పదో వంతు పల్చన, ఆ సంగతి దానికి చెప్పినవాళ్లు లేరు.

ఏ ఈసీయూ బాగుచేయలేనివీ ఉన్నాయి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి ఖాళీ పైపు పెట్టారా? ఇక సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీకైతే అది బయటి గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది. పొద్దున్నే చల్లటి బండితో సందు చివర బంకుకు వెళ్లొద్దు, కన్వర్టర్ దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితే గానీ సరిగ్గా పని చేయదు. ఇరవై నిమిషాలు నడిపి వెళ్లండి, సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నిలబడటాన్ని నడపడం అనరు.

ఇంకో మాట. టెస్టు పాసైనంత మాత్రాన టర్బోకు అనుమతి వచ్చినట్టు కాదు. బండిలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, అనుమతి లేని మార్పుకు 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డబ్బు కట్టే ముందు ఆర్టీఓ దగ్గర కనుక్కోండి.

ఇప్పుడు మీరు అడగనిది, నన్ను అన్నిటికన్నా భయపెట్టేది. కంపెనీ ఈసీయూ తీసేస్తే దానితో పాటు ఇమ్మొబిలైజర్ కూడా పోతుంది. తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపట్టి, కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని కాపలా అది. చాలా స్టాండలోన్‌లకు ఆ చిప్ సంగతే తెలియదు. రీఫ్లాష్ (కంపెనీ ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌నే మార్చి ఎక్కించడం) చేసేవాళ్లు కొందరు పని సులువవుతుందని "ఇమ్మో ఆఫ్" చేసి ఇస్తారు, ఓనరుకు చెప్పను కూడా చెప్పరు. ఆ తర్వాత మీ కారు ముప్పై ఏళ్ల కిందటి కారుతో సమానం.

పోయినేడు ఒక మిత్రుడి కారు పని మీద ఇక్కడే ఓ వర్క్‌షాప్‌లో రెండు గంటలు కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో క్రాక్ చేసిన ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, అది నడవాలని యాంటీవైరస్ ఆపేసి ఉంది. డెస్క్‌టాప్ మీద కార్ నంబర్ల పేరుతో ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఈసీయూ ఫైలు, ఓనరు ఫోన్ నంబరు, కొన్నిటిలో ఆర్సీ ఫోటో కూడా. ఏ కారుకు ఇమ్మొబిలైజర్ తీసేశారో ఫైలు పేరులోనే రాసుకున్నారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా ఇది! ఎవరి కారు, ఏ నంబరు, కాపలా ఉందా లేదా, అన్నీ ఒక్కచోట. అదే ల్యాప్‌టాప్‌లో కుర్రాడు సినిమా డౌన్‌లోడ్ చేస్తున్నాడు.

కాబట్టి ట్యూనర్‌ను ముందే అడగండి: ఇమ్మొబిలైజర్ ఉంటుందా, ఒరిజినల్ ఫైలు నాకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా, కొత్త మ్యాప్ (ఈసీయూలో ఎక్కించే ట్యూనింగ్ లెక్కల ఫైలు) పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? డబ్బు మీది, కారు మీది, మ్యాప్‌కు తాళం వేసి ఆ తాళం వాళ్ల దగ్గర పెట్టుకుంటే రేపు ఆ షాపు మూసేస్తే ఐడిల్ సరిచేయాలన్నా మొదటి నుంచి చేయించుకోవాలి. దీనికి సరైన జవాబు ఇవ్వని చోట వద్దు, ఎంత పేరున్న షాపైనా సరే. మీకైతే నా సలహా, కంపెనీ ఈసీయూనే ఉంచి, మీ ఇంజెక్టర్ల లెక్కతో దాన్నే సరిగ్గా రీఫ్లాష్ చేయగలవాళ్లు దొరుకుతారేమో ముందు వెతకండి. మీ మోడల్‌కు అది కుదరదంటేనే స్టాండలోన్.

ప్రశ్న: కారు ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) బ్లూటూత్ డాంగిల్ ఎప్పుడూ పెట్టి ఉంచొచ్చా? ఫోన్‌తో ఇంజిన్ మ్యాప్‌లు మార్చుకోవడానికి వీలుగా ఉంటుంది. – ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

వద్దు. చవక డాంగిల్స్ చాలావాటికి పిన్ 1234, దాన్ని మార్చే వీలు కూడా ఉండదు. కారు లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ 1980ల నాటి ఆలోచన, మెసేజ్ ఎవరు పంపారో అది అడగదు, వచ్చిందంటే నమ్మేస్తుంది. 2015లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పోర్టులోనే పెట్టిన ఓ డాంగిల్‌కు ఎస్సెమ్మెస్ పంపి, మెల్లగా వెళ్తున్న కారు బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. అది సిమ్ ఉన్న డాంగిల్, మీది బ్లూటూత్, దూరం తగ్గుతుంది తప్ప ప్రమాదం పోదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో పక్క కారులో కూర్చున్నవాడికి ఆ దూరం చాలు. పైగా ఆ డాంగిల్ యాప్‌కు మీ కాంటాక్టులు, లొకేషన్ ఎందుకండీ? ఇంజిన్ టెంపరేచర్ చూపించడానికి మా అమ్మ ఫోన్ నంబరుతో ఏం పని? అనుమతి ఇవ్వకపోతే తెరుచుకోనే తెరుచుకోని యాప్‌లను ఇప్పటికి మూడు చూశాను, మూడూ తీసేశాను.

మ్యాప్ మార్చే రోజున డాంగిల్ పెట్టండి, పనైపోగానే పీకి గ్లవ్ బాక్స్‌లో పడేయండి.